మాట పోయింది, చెప్పవలసింది మిగిలే ఉంది

స్త్రీల మీద జరిగే హింస గురించి పనిచేసే మనమంతా 'ఆమె ఏం చెప్పింది' అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంటాం. ఫిర్యాదు రాయించడం, వాంగ్మూలం ఇప్పించడం, కోర్టు బోనులో నిలబడి చెప్పేలా ధైర్యం ఇవ్వడం, మన పనిలో సగం ఇదే. ఇన్నేళ్లుగా 'మౌనాన్ని బద్దలు కొడదాం' అని పోస్టర్లు రాసుకున్నాం. మరి మౌనం ఆమె ఎంచుకున్నది కాక, మెదడుకు తగిలిన దెబ్బ వల్ల వచ్చినదైతే? తలను గోడకేసి కొట్టినందువల్ల, రోకలి దెబ్బ వల్ల, గొంతు నులిమి మెదడుకు ప్రాణవాయువు అందకుండా చేసినందువల్ల, హెల్మెట్ లేకుండా బండి వెనక కూర్చుని పడిపోయినందువల్ల మాట కోల్పోయిన స్త్రీల గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకున్నాం. ఈ సంచికలో ఆ చర్చ మొదలుపెట్టాలని నా కోరిక.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న వివాహిత స్త్రీలలో 29 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించినట్లు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. కొట్టేవాడి చెయ్యి ఎక్కువగా వెళ్లేది తల మీదికి, మొహం మీదికి, మెడ మీదికి. జుట్టు పట్టుకుని ఈడ్చడం, చెంప మీద కొట్టడం మన ఇళ్లలో 'మామూలు' హింస కింద లెక్క. ఆ సర్వేలో గాయాల వివరాలు చెప్పినవాళ్లంతా నోరున్నవాళ్లే. సర్వే చేయడానికి వచ్చినామె ప్రశ్నకు జవాబు చెప్పలేని స్థితిలో మంచం మీద ఉన్న స్త్రీ ఏ లెక్కలోకీ రాలేదు.

తల గాయం తర్వాత ఏం జరుగుతుందో కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఎందుకంటే తెలియకపోవడం వల్ల జరిగే అన్యాయం ఇక్కడ చాలా ఎక్కువ.

మెదడు ఎడమ భాగంలో దెబ్బ తగిలితే ఎక్కువమందిలో మాట దెబ్బతింటుంది. కొందరికి ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది గానీ తాము చెప్పాలనుకున్న మాట దొరకదు. కొందరికి మాటలు ధారగా వస్తాయి గానీ వాటికి అర్థం ఉండదు, వినే మాట కూడా సరిగ్గా అందదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు పరీక్షించిన ఒక రోగి ఏం అడిగినా 'టాన్' అనే ఒక్క శబ్దమే పలికేవాడు. కానీ ఆ ఒక్క శబ్దాన్నే రకరకాల గొంతుతో పలుకుతూ, చేతులతో చూపిస్తూ తనకు కావలసింది చెప్పేవాడు. మాట పోయినంత మాత్రాన బుద్ధి పోలేదనీ, చెప్పాలన్న ప్రయత్నం పోలేదనీ వైద్యులకు అప్పటినుంచే తెలుసు. మన ఇళ్లకూ పోలీసు స్టేషన్లకూ మాత్రం ఆ సంగతి ఇంకా చేరలేదు.

కుడి భాగంలో దెబ్బ తగిలిన వాళ్ల కష్టం వేరు. మాటలు సరిగ్గానే వస్తాయి, కానీ గొంతులో ఎత్తుపల్లాలు పోతాయి. 'నన్ను చంపబోయాడు' అన్న మాటనూ 'కూర అడుగంటింది' అన్న మాటనూ ఒకే గొంతుతో చెబుతారు. మొహంలో భావం కనిపించదు. ఎదుటివాళ్ల మొహంలో కోపమో, భయమో, వెటకారమో పోల్చుకోవడం కూడా కష్టమవుతుంది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన తల గాయం అయినవాళ్లలో మొహాలు చదవడంలో ఇబ్బంది 13 నుంచి 39 శాతం మందికి ఉండవచ్చని 2011లో వచ్చిన ఒక సమీక్ష అంచనా వేసింది. ముందు భాగంలో దెబ్బ తగిలితే చొరవ పోతుంది. పిలిస్తే పలుకుతారు, లేకపోతే గంటలకొద్దీ గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. మరికొందరికి దుఃఖం లేకుండానే ఏడుపు, సంతోషం లేకుండానే నవ్వు తన్నుకొస్తాయి. వాటిని ఆపుకోవడం వాళ్ల చేతుల్లో ఉండదు.

ఇప్పుడు ఈ లక్షణాలన్నీ ఒక కోడలిలో ఊహించుకోండి. మొహంలో భావం లేకపోతే 'పొగరు'. పిల్లాడు ఏడుస్తున్నా వెంటనే కదలకపోతే 'తల్లి మనసే లేదు'. చావింట్లో నవ్వు ఆగకపోతే 'పిచ్చి'. అత్త కోపం కనిపెట్టలేక ఆవిడ ముందే కూర్చుంటే 'మర్యాద తెలియదు'. మొగవాడికి తల గాయమైతే 'పాపం, యాక్సిడెంటు అయినప్పటినుంచీ ఇలా అయిపోయాడు' అంటారు. ఆడదానికైతే అది ఆమె గుణం కింద జమ అవుతుంది. స్త్రీ మొహం ఎప్పుడూ ఇంట్లో అందరి కోసం పనిచేస్తూ ఉండాలి. నవ్వుతూ ఎదురు రావాలి, బాధ దాచుకోవాలి, అందరి మనసూ కనిపెట్టాలి. మెదడుకు దెబ్బ తగిలి ఆ చాకిరీ చేయలేకపోతే, అది వైకల్యమని ఎవరికీ తట్టదు. లోపం ఆమెలోనే ఉందంటారు.

ఇది మాటలతో ఆగదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. కొట్టి ఆమెను ఆ స్థితికి తెచ్చినవాడే 'నా భార్యకు మతి స్థిమితం లేదు' అని పిటిషన్ వేయడానికి దారి ఉంది. జబ్బు పేరు ఉన్నంత మాత్రాన చాలదనీ, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత రుజువు కావాలనీ సుప్రీంకోర్టు 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో చెప్పింది. ఈ తీర్పు మన కార్యకర్తలందరికీ తెలిసి ఉండాలి. అటువంటి పిటిషన్ వచ్చినప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ గాయం ఎప్పుడు అయింది, ఎవరి వల్ల అయింది?

ఇక సాక్ష్యం సంగతి. మాట లేని స్త్రీ సైగను న్యాయస్థానం నమ్ముతుందా? ఈ ప్రశ్నకు మన దేశంలో నూట నలభై ఏళ్ల కిందటే జవాబు వచ్చింది. ఆ జవాబు వచ్చింది కూడా ఒక స్త్రీ వల్లనే. దులారీ అనే వేశ్య గొంతును ఎవరో మంగలి కత్తితో కోశారు. ఆమె స్పృహలో ఉంది కానీ నోట మాట లేదు. తల్లీ, పోలీసు అధికారీ, మేజిస్ట్రేటూ అడిగితే చేతితో జవాబు చెప్పింది. ఒక్కొక్క పేరే చెప్పి అడుగుతుంటే కాదని సైగ చేస్తూ వచ్చి, అబ్దుల్లా పేరు దగ్గర ఔనని సైగ చేసింది. కత్తా, తల్వారా అంటే కాదంది. మంగలి కత్తా అంటే ఔనంది. ఆ తర్వాత చనిపోయింది. 1885లో అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచి ఆ ప్రశ్నలూ ఆ సైగలూ కలిపి మరణ వాంగ్మూలమేనని తీర్పు చెప్పింది. సమాజం ఏ గౌరవమూ ఇవ్వని ఒక పడుచుపిల్ల చేతి కదలిక ఈ దేశపు సాక్ష్య చట్టంలో నిలిచిపోయింది. 1994లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన మీసాల రామకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, తల ఊపుతో, సైగలతో ఇచ్చిన మరణ వాంగ్మూలం చెల్లుతుందనీ, దానికి సాక్ష్యంగా విలువ ఉందనీ మళ్లీ చెప్పింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో అత్యాచారానికి గురైన అమ్మాయి ఆస్పత్రి మంచం మీద మేజిస్ట్రేటు ప్రశ్నలకు సైగలతో, తల ఊపుతో, కొంత రాసి జవాబులిచ్చింది. 2017లో సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలాన్ని అంగీకరించింది.

ఆ ఇద్దరమ్మాయిలదీ మెదడు గాయం కాదు, నోట మాట రాని స్థితి. తల గాయంలో మరో చిక్కు ఉంది. సైగ చేయగలిగినా, 'ఔను' 'కాదు' తారుమారు కావచ్చు. ఔనని చెప్పాలనుకుని తల అడ్డంగా తిప్పేవాళ్లున్నారు. అందుకని డిఫెన్సు లాయరు 'ఈమె సైగకు అర్థం లేదు' అని తేలిగ్గా కొట్టిపారేయవచ్చు. దానికి పరిష్కారం స్పీచ్ థెరపిస్టులు రోజూ చేసే పనిలోనే ఉంది. అసలు విషయం అడగబోయే ముందు, జవాబు మనకు తెలిసిన ప్రశ్నలు పదో పన్నెండో అడగాలి. 'ఇది ఆస్పత్రా?' 'నీకు ముగ్గురు పిల్లలా?' 'ఇప్పుడు రాత్రా?' వీటిలో కొన్నిటికి ఔను, కొన్నిటికి కాదు రావాలి. ఆమె జవాబులు నిలకడగా సరిగ్గా వస్తున్నాయా లేదా అన్నది రాసిపెట్టాలి. తల ఊపు నమ్మకంగా లేకపోతే కంటి రెప్ప, వేలు, బొమ్మల కార్డు, ఆమెకు ఏది నిలకడగా వస్తుందో అది వెతకాలి. అలా రాసిపెట్టిన కాగితం తర్వాత కోర్టులో ఆమె సాక్ష్యానికి బలమవుతుంది. ప్రశ్న మార్చి, తిప్పి కూడా అడగాలి. 'ఆయనే కొట్టాడా?' అని ఒక్కసారి అడిగి ఔననిపించుకుని లేచిరావడం ఆమెకు మేలు చేయదు.

మన తెలుగు ఇళ్ల సైగల్లో మరికొన్ని మెలికలున్నాయి. మనం తలను అటూ ఇటూ వాల్చితే 'సరే' అని. ఊరు తెలియని డాక్టరుకు అది 'కాదు' అనిపిస్తుంది. మనం ఊ కొట్టడం 'వింటున్నాను' అని చెప్పడానికే గానీ ఒప్పుకున్నామని కాదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే కోడలు తల ఊపుతుంది, ఆ ఊపులో ఆమె అభిప్రాయం ఏమీ ఉండదు. మామ ఎదురుగా, దారోగా ఎదురుగా కళ్లు దించుకుంటుంది. అబద్ధం చెబుతోంది గనక కళ్లలోకి చూడటం లేదని రికార్డులో రాసుకుంటారు. 'చ్' అని నాలుకతో చేసే చప్పుడు కొన్నిచోట్ల 'కాదు', కొన్నిచోట్ల 'పాపం'. గాయానికి ముందు ఆమె ఎలా ఔననేదో, ఎలా కాదనేదో తెలిసినవాళ్లు తల్లో, అక్కచెల్లెళ్లో, పక్కింటామో, కలిసి కూలికి వెళ్లిన స్నేహితురాలో అయి ఉంటారు. వాళ్లను కనుక్కోవడం మన పని.

ఒక జిల్లా ఆస్పత్రిలో పనిచేసే సోదరి చెప్పిన సంగతి ఇక్కడ చెప్పాలి. తలకు ఆపరేషన్ అయిన ఒకామె రోజంతా కదలకుండా పడుకుని, సాయంత్రం మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కుని ఎడమ చేత్తో మంచం కమ్మీ గట్టిగా పట్టుకునేది. కేసు షీటులో 'అశాంతిగా ఉంది' అని రాసి నిద్రమందు ఇచ్చారు. ఆ వార్డులో ఊడ్చే ఆయమ్మ గమనించి చెప్పింది, అది భర్త వచ్చే వేళ అని. రెండు రోజులు ఆయన రాకుండా చూస్తే ఆమె దుప్పటి లాక్కోలేదు. ఇది కోర్టులో నేరాన్ని రుజువు చేసే సాక్ష్యం కాదని నాకు తెలుసు. కానీ ఆమె దగ్గరికి ఎవరిని రానివ్వాలో నిర్ణయించడానికి అది చాలు. వేళ, వచ్చిన మనిషి, ఆమె చేసిన పని, ఈ మూడూ రోజూ రాసిపెట్టడానికి ఎంబీబీఎస్ చదవనక్కర్లేదు.

సైగలు చదవడం అన్నప్పుడు అరుణా శాన్‌బాగ్‌ను తలచుకోకుండా ఉండలేను. ముంబాయి కేఈఎం ఆస్పత్రి నర్సు ఆమె. 1973 నవంబరు 27న అదే ఆస్పత్రి వార్డు బాయ్ కుక్క గొలుసుతో ఆమె గొంతు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె మళ్లీ మాట్లాడలేదు. అతనికి దోపిడీకీ హత్యాయత్నానికీ ఏడేళ్ల శిక్ష పడింది, అత్యాచారానికి పడలేదు. 2015 మే 18న చనిపోయేదాకా, నలభై ఒక్క ఏళ్లకు పైగా, అదే ఆస్పత్రి నర్సులు ఆమెను చూసుకున్నారు. ఆమెకు ఆహారం ఆపివేసి ప్రశాంతంగా చనిపోనివ్వాలంటూ వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు విన్నప్పుడు, ఆస్పత్రి డీన్ ఇచ్చిన అఫిడవిట్‌లో ఆమె కొన్ని రకాల శబ్దాలతో, చేతుల కదలికతో ఇష్టాయిష్టాలు తెలుపుతుందనీ, చేపలు, కోడి సూపు ఇస్తే సంతోషంగా కనిపిస్తుందనీ ఉంది. ముగ్గురు డాక్టర్ల బృందం మాత్రం ఆమె శాశ్వత అచేతన స్థితి లక్షణాల్లో చాలా వాటికి సరిపోతుందని చెప్పింది. ఆ చిరునవ్వు ఇష్టమా, కేవలం శరీర ప్రతిచర్యా అన్నది తేల్చడం నా వల్ల కాదు. కానీ ఆమె తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్నప్పుడు కోర్టు, ఇన్నేళ్లు రాత్రింబగళ్లు చూసుకున్న ఆ ఆస్పత్రి సిబ్బందినే ఆమె ఆప్తులుగా గుర్తించింది. సైగలు చదివే అధికారం సేవ చేసినవాళ్లకు వస్తుందన్నది ఆ తీర్పులో స్త్రీలు గమనించవలసిన విషయం.

'ఆమెకు ఏమీ తెలియదులే' అని మంచం పక్కనే మాట్లాడుకునే వాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిని అచేతన స్థితిలో ఉందని నిర్ధారించిన 23 ఏళ్ల స్త్రీని, 2006లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్లూ, తన ఇంట్లో గదుల్లో తిరుగుతున్నట్లూ ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతుల మెదడులో కదిలే భాగాలే ఆమె మెదడులోనూ కదిలాయి. 2024లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆదేశాలకు బయటికి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఇటువంటి పరీక్షల్లో లోపల స్పందించారు. మన జిల్లా ఆస్పత్రుల్లో అటువంటి పరీక్షలు లేవు. కాబట్టి వింటోందనే అనుకుని మాట్లాడటం, ముట్టుకోబోయే ముందు ఆమెకు చెప్పి ముట్టుకోవడం, పరదా వేసి బట్టలు మార్చడం మనం వెంటనే అమలు చేయగల హక్కులు.

చట్టం ఎంతవరకు వచ్చింది? 2013 సవరణతో సాక్ష్య చట్టం 119వ సెక్షన్‌లో ఉన్న 'మూగ సాక్షి' అన్న మాట పోయి 'మాటగా చెప్పలేని సాక్షి' వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 125వ సెక్షన్. ఆమె రాసి గానీ, సైగలతో గానీ కోర్టులో చెప్పింది నోటితో చెప్పిన సాక్ష్యంతో సమానం. దుబాసీనో, ప్రత్యేక శిక్షణ ఉన్న టీచరునో పెట్టి వీడియో తీయాలి. ఫిర్యాదు విషయంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ 'తాత్కాలికంగా గానీ శాశ్వతంగా గానీ' వైకల్యం వచ్చిన స్త్రీ ఉన్నచోటికే పోలీసులు వచ్చి, దుబాసీ సమక్షంలో రాసుకోవాలంటుంది. 'తాత్కాలికంగా' అన్న మాట తల గాయమైన వాళ్లకు ఎంతో ఉపయోగం. అయితే ఈ సౌకర్యం లైంగిక నేరాలకూ యాసిడ్ దాడికీ సంబంధించిన సెక్షన్లకే పరిమితం. భర్త, అత్తింటివారి క్రూరత్వం ఆ జాబితాలో లేదు. తల పగలగొట్టి మాట పోగొట్టినవాడి మీద ఫిర్యాదుకు ఆ సౌకర్యం లేదన్నమాట! అదే సమయంలో భారతీయ న్యాయ సంహిత 117వ సెక్షన్ మూడవ ఉపవిభాగం, తీవ్ర గాయం చేసి మనిషిని శాశ్వత వైకల్యానికో, అచేతన స్థితికో గురిచేస్తే పదేళ్లకు తగ్గని కఠిన శిక్ష వేయాలంటుంది. ఇంత పెద్ద శిక్ష ఒకవైపు పెట్టి, బాధితురాలు చెప్పుకునే దారి మరోవైపు మూసి ఉంచడం ఏమి న్యాయం?

గృహహింస చట్టం ఈ విషయంలో మెరుగు. ఆమె తరఫున ఎవరైనా దరఖాస్తు వేయవచ్చని 12వ సెక్షన్ చెబుతుంది. మన సంస్థలు దీన్ని వాడుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మెదడు, నరాల కారణంగా వచ్చే మాట వైకల్యాన్ని గుర్తించింది. తల గాయం అన్న పేరుతో ప్రత్యేక వర్గం మాత్రం లేదు. నడవగలిగి, మాట్లాడగలిగి, మొహాలు మాత్రం చదవలేని స్త్రీకి సర్టిఫికెట్ రావడం కష్టమే. అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు ఆస్తి మీద, బ్యాంకు ఖాతా మీద అందరితో సమాన హక్కు ఉంది. సహాయం చేసే మనిషికి ఆ లావాదేవీలో స్వార్థం ఉంటే అతను పక్కకు తప్పుకోవాలి. భర్తే ఆమె వేలు పట్టుకుని కాగితం మీద వేలిముద్ర వేయించి, 'అడిగాను, తల ఊపింది' అంటున్నప్పుడు మనం చూపవలసిన సెక్షన్ ఇది. పుట్టింటివారు ఇచ్చిన అర ఎకరం, డ్వాక్రా పొదుపు, ప్రమాద పరిహారం సొమ్ము ఇలాగే పోతున్నాయి.

ఇంకో మాట. సైగలు అర్థం చేసుకునే పని చివరికి ఎవరి మీద పడుతోంది? ఎక్కువగా బడి మానేసిన పెద్దకూతురి మీద. తల్లి కంటి చూపు తెలిసిన ఒకే ఒక్క మనిషిగా ఆ పిల్ల పన్నెండేళ్లకే ఆస్పత్రిలో దుబాసీ, ఇంట్లో వంటమనిషి అయిపోతుంది. తండ్రి మీద తల్లి చేసిన సైగను పోలీసులకు ఆ పిల్లే చెప్పాలంటే ఆ భారం ఎంతటిది! కూతురి ప్రేమను పొగుడుతూ ప్రభుత్వ బాధ్యతను తప్పించడం మనం ఒప్పుకోకూడదు.

అందుకని మనం అడగవలసినవి ఇవి. 173వ సెక్షన్ సౌకర్యాన్ని గృహహింస నేరాలకూ, తీవ్ర గాయాల నేరాలకూ విస్తరించాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్టు పోస్టు ఉండాలి, అది ఖాళీగా ఉండకూడదు. సఖి కేంద్రాల్లో తెలుగు, ఉర్దూ, గిరిజన భాషల వారికి పనికివచ్చే బొమ్మల కార్డులు ఉంచాలి. మెడ మీద, తల మీద దెబ్బలతో వచ్చిన ప్రతి స్త్రీకీ మాట, చూపు, జ్ఞాపకం పరీక్షించి మెడికో లీగల్ రిపోర్టులో రాయాలి. భర్త గానీ, అత్తింటివారు గానీ ఏకైక దుబాసీగా ఉన్న వాంగ్మూలాన్ని అంగీకరించకూడదు. ఇంట్లో సేవ చేసేవారికి భృతి ఇవ్వాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఆగనక్కర్లేదు. ఈ మూడు నెలల్లో ప్రతి సంఘమూ తన పరిధిలో తల గాయమైన స్త్రీలు ఎంతమంది ఉన్నారో ఇంటింటికీ వెళ్లి చూడాలని నా విజ్ఞప్తి. వెళ్లినప్పుడు కుటుంబ సభ్యులతో మాట్లాడి తిరిగి రాకండి. ఆమె పక్కన కూర్చోండి. ఒకసారికి ఒకే ప్రశ్న అడగండి. అడిగి ఆగండి. దెబ్బతిన్న మెదడు జవాబు వెతుక్కోవడానికి మనకు అలవాటైన దానికంటే ఎక్కువ సమయం పడుతుంది. టీవీ ఆపించండి. నాటకంలోలా అతిగా మొహం పెట్టకుండా, మీ భావం మాటల్లో కూడా చెప్పండి: 'నాకు కోపం నీ మీద కాదు' అని. మీరు గమనించినది తేదీ వేసి రాసి మాకు పంపండి, పేర్లు అక్కర్లేదు. వచ్చే సంచికలో వాటిని అందరం కలిసి చదువుకుందాం.